కాల్షీటు అయిపోయాక పాట ఎవరిది?

ఈ మాటలాడుకున్న ఇద్దరూ సంగీతం మీద బతికేవాళ్ళే. బాబాయిది తెనాలి. మద్రాసు కోడంబాకంలో మొదలుపెట్టి, పరిశ్రమతోపాటు హైదరాబాదు వచ్చి, దశాబ్దాలపాటు సినిమా పాటలకు వయొలిన్ వాయించారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. తనే పాట రాసుకుని, బాణీ కట్టుకుని, పాడి, నెట్‌లో విడుదల చేసుకుంటుంది. సినిమాల జోలికి ఇంకా పోలేదు.

పైరసీ మాటెత్తితే పెద్దవాళ్ళు మండిపడతారనీ, కుర్రకారు వెనకేసుకొస్తారనీ మనం అనుకుంటాం. ఈ ఇంట్లో అటుది ఇటైంది. డౌన్‌లోడు సైట్ల పేరు వింటే అమ్మాయికి ఒళ్ళు మండుతుంది. బాబాయి "పోనీలేమ్మా" అంటారు. ఇద్దరూ ఒకే పాటని ప్రేమించేవాళ్ళయి ఉండి ఇంత ఎడంగా ఎందుకు నిలబడ్డారన్నది నాకు ముఖ్యమనిపించింది. అందుకే వాళ్ళ వాదన రాస్తున్నాను. నాకు తోచింది మధ్యమధ్యలో చెబుతాను.

అమ్మాయి: నా పాట విడుదలై వారం తిరక్కుండానే ఒక డౌన్‌లోడు సైట్లో పెట్టేశారు బాబాయ్. 128 కేబీపీఎస్‌కి ఒక బటన్, 320కి ఇంకో బటన్. దించుకుని ఫైలు వివరాలు తెరిచి చూశాను. ఆర్టిస్ట్ అన్నచోట ఆ సైటు పేరు. కంపోజర్ అన్నచోట అదే పేరు. పాట పేరుకి తోకగా మళ్ళీ అదే. ఆల్బం బొమ్మ మీద అడ్డంగా కూడా అదే. మృదంగం వాయించిన అబ్బాయి పేరు, మిక్సింగ్ చేసిన అమ్మాయి పేరు, అన్నీ నేను కూర్చుని ఒక్కో అక్షరం సరిచూసుకుని పంపించినవి. ఒక్కటీ మిగల్చలేదు.

బాబాయి: పాట పూర్తిగా ఉందా?

అమ్మాయి: ఉంది.

బాబాయి: జనం వింటున్నారా?

అమ్మాయి: వింటున్నారు కాబట్టే కదా నా ఏడుపు.

బాబాయి: నువ్వు ఏడుస్తున్నది డబ్బుకా, పేరుకా?

అమ్మాయి: రెంటికీ.

బాబాయి: అయితే పేరు సంగతి ముందు మాట్లాడుకుందాం. నేను వాయించిన పాటలు ఎన్ని వందలో నాకే లెక్క లేదు. వాటిల్లో జనం ఇప్పటికీ పాడుకునేవి ఉన్నాయి. ఏ ఒక్క క్యాసెట్ అట్ట మీదయినా నా పేరు చూశావా? సినిమా టైటిల్స్‌లో చూశావా? నీ పేరు దొంగ తుడిచేశాడు. నా పేరు దొరలే తుడిచేశారు. తేడా ఏముంది చెప్పు?

అమ్మాయి: మీకు అన్యాయం జరిగింది కాబట్టి నాకూ జరగనివ్వమంటారా?

బాబాయి: అలా అనడం లేదమ్మా. దొంగ ఎవడో సరిగ్గా చూసుకోమంటున్నాను. మా రోజుల్లో రికార్డింగు ఎలా ఉండేదో నీకు తెలీదు. నలభై మందిమి ఒకే హాల్లో కూర్చునేవాళ్ళం. పాడేవాళ్ళు గాజు గదిలో ఉండేవారు. ఇప్పట్లాగా ముక్కలు ముక్కలుగా అతికించుకోవడం లేదు. రెండో చరణం చివర్లో ఎవరి కమానయినా ఒక్క స్వరం పక్కకి జారిందా, మళ్ళీ మొదటి మ్యూజిక్ నుంచి ఎత్తుకోవాల్సిందే. ఆ తప్పు చేసేది నేను కాకూడదు దేవుడా అని ప్రతివాడూ లోపల అనుకుంటూనే వాయించేవాడు. టేక్ ఓకే అన్నాక హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకునేది. అప్పుడు ఆర్కెస్ట్రా ఇన్‌చార్జి వచ్చి సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చేవాడు. కాల్షీటు అయిపోయింది, పాటకీ నాకూ ఋణం తీరిపోయింది. ఆ పాట రేడియోలో రోజూ రానీ, పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం వాళ్ళు వాయించనీ, క్యాసెట్లు లక్షల్లో అమ్ముడుపోనీ, నాకు వచ్చింది ఆ కవరే. అలాగే దొంగ క్యాసెట్ వచ్చిననాడు నా దగ్గర్నుంచి పోయిందీ ఏమీ లేదు. ఏ లెక్కన కోపం తెచ్చుకోను?

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఇది బాబాయి ఒక్కరి అనుభవం కాదు. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ నడిపిన కేసులో 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం కట్టించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతే అని తేల్చింది. ఆ లెక్కన పాట రాసినవాడూ, బాణీ కట్టినవాడూ కూడా ఒకసారి కూలి తీసుకుని వెళ్ళిపోవాల్సినవాళ్ళే అయ్యారు. అదే తీర్పుకి జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు జోడించారు. పాడేవాళ్ళకి చట్టంలో ఏ హక్కూ లేకపోవడం సరికాదని, పార్లమెంటు ఆ సంగతి చూడాలని చెప్పారు. పార్లమెంటు ఆ మాట ఆలకించేసరికి 1994 వచ్చింది. రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీలో సమాన వాటా దక్కాలన్న నియమం 2012 సవరణతో గానీ రాలేదు. ఆ వాటాని వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదని కూడా అందులోనే పెట్టారు. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. అంటే బాబాయి వృత్తిలో ఉన్న కాలంలో చాలా భాగం, పాట చేసినవాళ్ళెవరికీ దాని తర్వాతి సంపాదన మీద చెయ్యి వెయ్యడానికి లేదు. ఆయన మాటలో ఉదాసీనత వినిపిస్తే, దాన్ని ఎవరు పెంచారో కూడా చూడాలి.

అమ్మాయి: 2012 తర్వాత లెక్క మారింది బాబాయ్. సినిమా హాల్లో తప్ప, పాట వినిపించిన ప్రతిచోటా రాసినవాళ్ళకి, కట్టినవాళ్ళకి, పాడినవాళ్ళకి ఎంతో కొంత రావాలని చట్టమే అంటోంది. అంటే దొంగ కాపీ ఇవాళ కంపెనీ జేబు ఒక్కటే కొట్టడం లేదు.

బాబాయి: నా జేబు మాత్రం ఇప్పటికీ కొట్టడం లేదు. ఎందుకో చెప్పనా? మా లాయరు స్నేహితుడు ఆ చట్టం చదివి వినిపించాడు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరు ఎక్కడా వెయ్యరో, వాళ్ళని పెర్ఫార్మరుగా లెక్కించక్కర్లేదట. అదీ 2012లో చేర్చిందే. పేరు వెయ్యనిది వాళ్ళు. పేరు లేదు కాబట్టి హక్కు లేదనేదీ వాళ్ళే.

అమ్మాయి: (కాసేపు ఊరుకుని) అది నాకు తెలీదు.

బాబాయి: తెలుసుకోమ్మా. ఇంకో సంగతి. మా కుర్రతనంలో ప్రతి ఊళ్ళోనూ రికార్డింగ్ సెంటర్ అని ఒక కొట్టు ఉండేది. తెల్లకాయితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే రెండ్రోజుల్లో నింపి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్‌కి ఎన్ని పాటలు పడతాయో ప్రతి పిల్లాడికీ తెలుసు. తర్వాత ఒక్క సీడీలో వందా నూటయాభై పాటలు ఎక్కించి రోడ్డు పక్కన అమ్మారు. ఆ తర్వాత సెల్ రీచార్జి కొట్లో మెమొరీ కార్డు ఇస్తే పాతికో యాభయ్యో తీసుకుని ఎక్కించేశారు. నీకు సంగీతం పిచ్చి ఎక్కడ పట్టింది? మీ నాన్న అలా నింపించుకున్న క్యాసెట్లు వినే కదా.

అమ్మాయి: కాదనను.

బాబాయి: మరి ఆ రోజున మీ నాన్న దొంగా?

అమ్మాయి: అది వేరు, ఇది వేరు బాబాయ్. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకోవడం వేరు, కుప్పకి కుప్ప ఎత్తుకుపోయి సంతలో అమ్ముకోవడం వేరు. నాన్న తన ఇంట్లో విన్నాడు. నా పాట పెట్టిన సైటువాడు వినడానికి పెట్టలేదు. ఆ పేజీ తెరిస్తే చుట్టూ ప్రకటనలు, జూదం యాప్‌లు, నొక్కకపోయినా తెరుచుకునే కిటికీలు. ప్రతి డౌన్‌లోడుకీ వాడికి ప్రకటనల డబ్బు వస్తుంది. నా పాట ఉచితంగా పంచిపెడుతున్నాడని అందరూ అంటారు. వాడికేమీ ఉచితం కాదు. నాకు ఒక్కదానికే ఉచితం.

బాబాయి: ఆ మాట ఒప్పుకుంటాను. అయినా నా మనసు పూర్తిగా నీ వైపు రావడం లేదు. ఎందుకంటే నేను వాయించిన పాటలు కొన్నిటికి మాస్టర్ టేపు కంపెనీ దగ్గరే లేదు. బూజుపట్టి పోయిందో, ఆఫీసు మార్చినప్పుడు పారేశారో. ఎక్కడో అమెరికాలో ఉన్న ఒక తెలుగాయన దగ్గర రికార్డు ఉండిపోయింది. ఆయన దాన్ని శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, సంగీతం ఎవరు, సాహిత్యం ఎవరు, ఏ సంవత్సరం, అన్నీ రాసి నెట్‌లో పెట్టాడు. దాన్ని దించుకుని విన్నాను. ఇంటర్‌లూడ్‌లో మా వయొలిన్లు మళ్ళీ వినిపించాయి. నీ చట్టం లెక్కన ఆయన దొంగ. నా లెక్కన ఆయన నా పాటని బతికించినవాడు.

అమ్మాయి: పాత పాటల విషయంలో నేను మీతో తగువు పడను. నిజానికి చట్టం కూడా కొంత దారి వదిలింది. మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 సంవత్సరాలే. "మల్లీశ్వరి" 1951లో వచ్చింది కదా, ఆ రికార్డింగుల మీద హక్కు 2011తో తీరిపోయింది.

బాబాయి: అయితే ఎవరైనా పెట్టుకోవచ్చా?

అమ్మాయి: అక్కడే చిక్కు. సాహిత్యానికీ, బాణీకీ గడువు వేరు. చేసినవాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు. ఆ పాటలు రాసిన కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు కాబట్టి మాటల మీద హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. బాణీలు కట్టిన సాలూరి వారు 1999 దాకా ఉన్నారు, వాటికి ఇంకా పొడుగు. అభిమాని దాచిన పాత రికార్డుకి చట్టంలో చోటు ఉండాలని నేనూ అంటాను. కంపెనీ అమ్మనిదీ, దాచనిదీ వేరే ఎవరైనా దాస్తే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ బాబాయ్, నాది నిన్నగాక మొన్న పుట్టిన పాట. అది ఎక్కడా పోలేదు. ఒక్క వేలు నొక్కితే దొరుకుతుంది.

ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. పైరసీ మీద జరిగే వాదనల్లో అన్నిటినీ ఒకే గాట కట్టేస్తాం. మరుగున పడిన పాటని వెలికి తీసేవాడూ, కొత్త పాట మీద ప్రకటనలు అమ్ముకునేవాడూ ఒక్కటి కాదు.

మాట అమెరికా మీదికి మళ్ళింది. 2000 సంవత్సరంలో బాబాయి కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. హాస్టల్లో పిల్లలందరి కంప్యూటర్లలోనూ, పాటల ఫైళ్ళు ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్ ఉండేదట.

బాబాయి: మావాడు ఫోన్లో చెబుతుండేవాడు, రాత్రి పడుకునేముందు పాట పెడితే పొద్దున్నకి దిగుతోంది నాన్నా అని. అప్పుడు అక్కడి సంగీతకారులు కొట్టుకున్నంతగా కంపెనీలు కూడా కొట్టుకోలేదు.

అమ్మాయి: ఆ కథ నాకు బాగా తెలుసు. నాప్‌స్టర్ వచ్చింది 1999లో. మెటాలికా బ్యాండు ఒక సినిమాకోసం చేస్తున్న "ఐ డిసప్పియర్" పాట ఇంకా పూర్తికాలేదు. ఆ సగం చేసిన రూపం నాప్‌స్టర్‌లోకి ఎక్కి, అక్కణ్ణుంచి రేడియో స్టేషన్లకి పాకింది. వాళ్ళ డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్‌కి డబ్బు పోయిందన్నదానికన్నా అదే ఎక్కువ మండింది. నా పాట ఎప్పుడు పూర్తయిందో, ఎప్పుడు బయటికి వెళ్ళాలో చెప్పాల్సింది నేను అన్నాడు. 2000 ఏప్రిల్లో కేసు వేశారు. మే నెలలో తమ పాటలు పంచుతున్న 3,35,000 మందికి పైగా పేర్లు 60 వేల పేజీల మీద అచ్చువేయించి పెట్టెల్లో నాప్‌స్టర్ ఆఫీసుకి మోసుకెళ్ళాడు. జులైలో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అభిమానులు వాణ్ణి ఎంత తిట్టారో! కానీ సగం వండిన పాట నా గిన్నెలోంచి ఎవడో ఎత్తుకెళ్తే నేనైనా ఊరుకోను.

బాబాయి: ఆ మెటాలికా పైకొచ్చింది ఎలాగట? 1982లో వాళ్ళ డెమో క్యాసెట్‌ని కుర్రాళ్ళు ఒకరినుంచి ఒకరు ఎక్కించుకుని దేశమంతా తిప్పలేదూ?

అమ్మాయి: తిప్పారు. వాళ్ళు తిప్పనిచ్చారు. తర్వాత కూడా తమ కచేరీల్లో రికార్డు చేసుకునేవాళ్ళకి విడిగా చోటు ఇచ్చారు. తామిచ్చింది ఇచ్చారు, ఇవ్వనిదాన్ని ముట్టుకోవద్దన్నారు.

బాబాయి: సరే, ఇవతలివాళ్ళ మాట విను. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందంలోని చక్ డీ ఆ ఏడాదే మే నెలలో టీవీలో ఇదే లార్స్ ఎదురుగా కూర్చుని వాదించాడు. ఇది మన కొత్త రేడియో, కంపెనీల పెత్తనం దీంతో పోతుంది అన్నాడు. గాయని కోర్ట్నీ లవ్ అదే నెలలో న్యూయార్కులో ఒక సభలో అసలు పైరసీ అంటే ఏమిటో చెబుతానంటూ లెక్కకట్టి చూపించింది. నలుగురున్న బ్యాండుకి 10 లక్షల డాలర్ల అడ్వాన్సు. 10 లక్షల రికార్డులు అమ్ముడుపోయాయి అనుకో. రికార్డింగు ఖర్చు, వీడియోల ఖర్చు, మేనేజరూ, లాయరూ, పన్నులూ, అన్నీ పోగా ఒక్కొక్కడికీ మిగిలేది 45 వేల డాలర్లు, అదీ ఒక్క ఏడాదికి. కంపెనీకి మాత్రం 66 లక్షల లాభం. మా కవరు లెక్క గుర్తొచ్చింది నాకు. ఇంకో గాయని జానిస్ ఇయాన్ ఇంకో అడుగు వేసి, 37 ఏళ్ళుగా రికార్డులు చేస్తున్నాను, నువ్వే మాకు బాకీ అని రాయని రాయల్టీ లెక్క ఒక్కటి కూడా నాకు రాలేదని 2002లో రాసింది. తన పాటలు తనే ఉచితంగా నెట్‌లో పెట్టింది. పెట్టాక తన సీడీలకి గిరాకీ పెరిగిందనీ చెప్పింది.

అమ్మాయి: తనే పెట్టింది బాబాయ్. మళ్ళీ అక్కడికే వస్తున్నాం.

బాబాయి: వస్తే రానీ. నాప్‌స్టర్‌ని 2001లో మూయించారు. ఆ తర్వాత పిల్లల మీద, తల్లుల మీద కేసులు. మిన్నెసోటాలో ఒకావిడ మీద 24 పాటలకి 2,22,000 డాలర్లు తేల్చారు చివరికి. మధ్యలో ఒక జ్యూరీ అయితే 19 లక్షలు అంది. నాప్‌స్టర్‌తో, ఇంకా అలాంటివాళ్ళతో రాజీ చేసుకుని కంపెనీలు కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి. అందులో మా వాటా ఏదని 2008లో కళాకారుల మేనేజర్లు అడగాల్సి వచ్చింది. పాట పోయిందని ఏడ్చింది ఎవరి పేరు చెప్పి? డబ్బు ఎవరికి చేరింది?

అమ్మాయి: వినేవాళ్ళని కోర్టుకి ఈడ్వమని నేను ఎన్నడూ అనలేదు. మన చట్టంలో కూడా ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వాటిని సైటు నడిపేవాడి మీద వాడమంటాను. ఇంటర్ చదివే పిల్లాడి మీద కాదు.

ఆ రోజుల్లో సంగీతకారుల మనసు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి 2004లో ప్యూ అనే అమెరికన్ పరిశోధన సంస్థ చేసిన సర్వే ఒకటుంది. నెట్‌లో జవాబిచ్చిన 2,700 మందికి పైగా సంగీతకారుల్లో 35 శాతం, నెట్‌లో పాటల పంపకం తమ పాటకి ప్రచారం ఇస్తుంది కాబట్టి చెడ్డదేం కాదన్నారు. 23 శాతం, అనుమతీ డబ్బూ లేకుండా ఎత్తుకుపోవడమే కాబట్టి చెడ్డదన్నారు. మరో 35 శాతం రెండు మాటలూ నిజమేనన్నారు. తమ సొంత వృత్తికి దెబ్బ తగిలిందన్నవాళ్ళు 5 శాతమే. ఇది చెప్పగానే బాబాయి ముఖం వెలిగింది.

బాబాయి: విన్నావా?

అమ్మాయి: విన్నాను. కానీ అది 2004. అప్పుడు ఉచితంగా విన్నవాడు తర్వాత సీడీ కొనేవాడు. ఇప్పుడు సీడీ ఎక్కడుంది? కచేరీ చేసుకుని సంపాదించుకోండి అంటారు. ఆ మాట ఊరూరా టికెట్లు అమ్ముడయ్యే బ్యాండుకి సరిపోతుంది. పాట రాసి, ఇంకొకరి చేత పాడించుకునేవాడు ఏ కచేరీ చేస్తాడు? మీలాంటి వాయిద్యకారుణ్ణి చూడ్డానికి ఎవరు టికెట్ కొన్నారు?

బాబాయి: కొనలేదు.

అమ్మాయి: ఇప్పుడు నా రాబడి స్ట్రీమింగే. దాని లెక్క చెప్తాను, వినండి.

బాబాయి: అదీ నాకు తెలుసు. పైసల్లో వస్తుంది. పైగా స్పాటిఫై 2024 నుంచి కొత్త షరతు పెట్టింది. ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినిపించని పాటకి రికార్డింగు రాయల్టీ సున్నా. చిన్నవాడి పైసలు పోగేసి పెద్దవాళ్ళకి పంచుతున్నారు. ఇది చట్టబద్ధం, నీ డౌన్‌లోడు సైటు చట్టవిరుద్ధం. ఏం న్యాయమమ్మా?

అమ్మాయి: అన్యాయమే. ఆ అన్యాయమే నన్ను డౌన్‌లోడు సైటుకి ఇంకా శత్రువుని చేసింది. 1,000 అన్నది నాలాంటిదానికి గడప. దాని ఇవతల 990 దగ్గర ఆగిపోతే నాకు ఏమీ రాదు. దొంగ కాపీ దించుకున్నవాడు ఆ పాటని ఫోన్లో వంద సార్లు వింటాడు. నిజంగా ప్రేమతోనే వింటాడు. ఆ వందలో ఒక్కటీ నా లెక్కలోకి రాదు. పెద్ద సినిమా పాటకి కోట్లలో వింటారు, లక్ష పోయినా గడప దాటే ఉంటుంది. నేను దాటలేను. పైరసీ పెద్దవాళ్ళ మీద తిరుగుబాటు అంటారు. దాని దెబ్బ ముందుగా తగిలేది గడప దగ్గర నిలబడ్డవాళ్ళకి.

బాబాయి వెంటనే జవాబు చెప్పలేదు. ఈ మాట నేనూ అంతకుముందు ఎవరి నోటా వినలేదు. పైరసీ వల్ల కంపెనీలకి ఎన్ని కోట్ల నష్టమో చెప్పే అంకెలు పత్రికల నిండా ఉంటాయి. వినికిడి లెక్కే కూలి అయిన కాలంలో, లెక్కకి రాని వినికిడి ఒక కొత్త సంగీతకారుడి మొదటి రూపాయిని ఎలా ఆపేస్తుందో చెప్పేవాళ్ళు తక్కువ. వినికిడి లెక్క తగ్గితే డబ్బొక్కటే పోదు. ఆ పాటని ఇంకొకరికి చూపించాలా వద్దా అని యాప్ నిర్ణయించేదీ ఆ లెక్కతోనే.

బాబాయి: మరి రేడియోహెడ్ బ్యాండు వాళ్ళు 2007లో "ఇన్ రెయిన్‌బోస్" పెట్టి, మీ ఇష్టమొచ్చినంత ఇవ్వండి, ఇవ్వకపోయినా సరే అన్నారు కదా. వాళ్ళకేం నష్టం వచ్చింది? తర్వాత సీడీ తెస్తే అదీ మొదటి స్థానంలోకి వెళ్ళింది.

అమ్మాయి: వాళ్ళు అప్పటికే రేడియోహెడ్ బాబాయ్. ఇంకో సంగతి చూడండి. సున్నాకి కూడా ఇస్తామన్నా, వాళ్ళ సైటుకి వెళ్ళకుండా టొరెంట్లలో దించుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. డబ్బు అడక్కపోయినా ఇచ్చినవాడి గుమ్మంలోకి రాలేదు. నాకది డబ్బు పోవడం కంటే ఎక్కువ బాధ.

బాబాయి: గద్దర్ పాటలు ఏ కంపెనీ కాపలాలో ఊరూరా తిరిగాయి చెప్పు?

అమ్మాయి: ఆయన జనం పాడుకోవాలనే పాడారు. చేసినవాడు ఇచ్చేశాక తీసుకోవడం దొంగతనం ఎలా అవుతుంది? నేనూ నా పాటలు కొన్ని ఉచితంగా పెట్టాను. ఏవి ఉచితమో నేను చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పే హక్కు నా దగ్గర ఉంచండి, మిగతాదంతా మాట్లాడుకుందాం.

బాబాయి: చెప్పే హక్కు అంటావు. 2017లో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్ళింది, నా పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. బాలుగారు ఆ పాటలు పక్కన పెట్టి పాడారు. ఆ పాటల్లో ఇద్దరి ప్రాణమూ ఉందని దేశమంతటికీ తెలుసు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. హక్కు హక్కు అంటూ పోతే చివరికి పాడినవాడే తన పాట పాడుకోలేకపోతాడేమోనని నా భయం.

అమ్మాయి: నాకూ బాధేసింది. కానీ స్వరకర్త అడిగింది అడగదగ్గదే అనిపించింది. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు కదా. ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకుని ఉంటే ఆ నోటీసు అవసరమే రాదు. మీ తరం నోటిమాట మీద నడిచింది. నాకు నోటిమాట చాలదు. మృదంగం వాయించిన అబ్బాయికి ఎంత శాతమో నేను రాసిచ్చాను.

బాబాయి: నిజంగా?

అమ్మాయి: నిజంగా. పాట బాగా పోతే వాడికీ వస్తుంది. అందుకే అంటున్నాను, ఆ సైటువాడు నాతోపాటు వాడి కూలీ కొట్టేశాడు. వాడు మీలాగా కాల్షీటు మనిషే.

బాబాయి: (చాలాసేపు ఊరుకుని) ఆ ముక్క ముందే చెప్పాల్సింది. నీ పాట విషయంలో నువ్వు చెప్పిందే సరి. ఆ అబ్బాయి వాటా ఎవడు తిన్నా నేను ఒప్పుకోను. కానీ నా పాటల విషయంలో నా మాట మార్చుకోను. నా పేరు వెయ్యని కంపెనీ తరఫున నేను దొంగల మీద కేకలు వెయ్యను. ముందు నా బాకీ తీర్చమను.

వాదన అక్కడ ఆగింది. నేను అమ్మాయి వైపే. డౌన్‌లోడు సైటు బాబాయికి జరిగిన అన్యాయంలో ఒక్క పైసా సరిదిద్దలేదు. కంపెనీ తుడిచేసిన పేర్లని అది తిరిగి రాయలేదు, మిగిలిన ఒకటి రెండు పేర్లు కూడా తుడిచేసింది. ఆయన కోపం కంపెనీల మీద న్యాయమైనదే. ఆ కోపాన్ని ఇవాళ సొంతంగా నిలబడుతున్న పిల్లల పాటని ఎత్తుకుపోయేవాడికి మద్దతుగా వాడుకోకూడదు. అయితే బాబాయి అడిగిన ప్రశ్నని పక్కన పెట్టి సంగీత కంపెనీలు పైరసీ మీద ఎంత ప్రచారం చేసినా, పాత వాయిద్యకారులెవరూ వాళ్ళ వెనక నిలబడరు.

సంగీత కంపెనీలవారికీ, నిర్మాతలకీ నా మనవి ఒకటే. చాలా పాటల యాప్‌లలో పాటకి క్రెడిట్స్ అని ఒక చోటు ఉంది. వయొలిన్ ఎవరు, వేణువు ఎవరు, తబలా ఎవరు అని రాయడానికి అందులో స్థలం ఉంది, ఖర్చు లేదు. పాత పాటల్లో వాయించినవాళ్ళు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళని పిలిచి, అడిగి, ఆ పేర్లు ఇప్పుడే నింపండి. ఇక పాఠకులకు: మీ ఫోన్లో ఏ సైటునుంచో దించుకున్న కొత్త పాట ఉంటే దాన్ని తీసేసి, చేసినవాళ్ళ సొంత చానల్లోనో, మీరు వాడే పాటల యాప్‌లోనో అదే పాట మళ్ళీ వినండి. ఆ వినికిడి లెక్కకి వస్తుంది.